వెండితెర మీద రేనాటి వీరుడు

అనంతపురం మెట్టసీమలో వాన కురిసే రోజులు తక్కువ, కథలు వినే రాత్రులు ఎక్కువ. చిన్ననాడు మా ఊరి చెనిక్కాయల కళ్ళంలో ఒక వృద్ధ గాయకుడు తంబూర మీటుతూ పాడగా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వీరగాథను మొదటిసారి విన్నాను. ఆ వీరుని సీమ మాకు దూరం కాదు. తాడిపత్రి దాటి ఈశాన్యంగా పోతే రేనాడు, అక్కడే కోయిలకుంట్ల.

అందుచేత 2019 అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రం విడుదలైనప్పుడు ఎంతో ఆశతో వెళ్ళి చూశాను. తెలుగుతోపాటు మరి నాలుగు భాషలలో మా సీమ వీరుని పేరు వినిపించినందుకు సంతోషించాను. కథానాయకుడు చిరంజీవిగారి శ్రమను తక్కువ చేయను. అయినా ఇల్లు చేరిన తరువాత ఏదో పోగొట్టుకున్నట్లు తోచింది. ఆ వెలితి ఎట్టిదో చెప్పుకోవడమే నేటి ప్రసంగం.

1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరు థామస్ మన్రో కచేరీ నడిపినది మన అనంతపురంలోనే. పాలెగాండ్ర కోటలు, బలగాలు పోయాయి; వారికి తవర్జీ అనే నెలసరి భరణం మిగిలింది. అది తరతరానికీ వాటాలుగా చీలి, నరసింహారెడ్డి చేతికి వచ్చేసరికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు అయింది. ఆ కాస్త సొమ్ము దగ్గర కూడా అధికారులు ఆయనను అవమానించారని కథ. అదే కాలంలో గ్రామాలకు కావలి కాసే కట్టుబడుల మాన్యాలను సర్కారు లాగుకొన్నది. బ్రతుకుతెరువు పోయిన ఆ జనమే ఆయన వెంట నడిచారు. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరి తీశారు. శిరస్సును 1877 వరకు కోట గుమ్మానికి వ్రేలాడదీశారు.

చిత్రం ఈ కథను ఝాన్సీ లక్ష్మీబాయి నోట చెప్పించింది. దేశమంతటి స్వాతంత్ర్య సమరానికి నాందిగా నిలిపింది. ఆ ఉద్దేశం మంచిదే. కరువూ, శిస్తూ అందులో లేవని కూడా అనను. కాని ఫిరంగుల మ్రోతలో అవి వినబడకుండా పోయాయి. చూచి వచ్చినవారి మనసులో కత్తి మెరుపు నిలుస్తుంది. పదకొండు రూపాయల లెక్క నిలువదు, మాన్యం పోయిన కావలివాని ముఖం నిలువదు.

నాయకుణ్ణి ఆకాశమంత ఎత్తున నిలిపితే చేతులెత్తి మ్రొక్కుతాము; మనలో ఒకడని మాత్రం అనుకోలేము. పాట విన్న రైతు అట్లా కాదు. తన శిస్తు, తన మాన్యం, తన మానం కోసం తనవంటివాడే ఎదురు నిలిచాడని నమ్మాడు. వాన మొగం చాటేసిన ఏడాది కూడా తల వంచకుండా నిలిచే ధైర్యం మా మెట్టసీమకు అట్టి నమ్మకం నుంచే వచ్చింది.

చిత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. అది ఆయన పేరును లోకానికి చాటింది. 2021లో కర్నూలు విమానాశ్రయానికి కూడా ఆ పేరే పెట్టారు. పేరు వెనుక ఉన్న బ్రతుకును నిలుపుకోవలసినవారము మనమే. మీ ఇంట ఆ పదం ఎరిగిన పెద్దలుంటే, ఈ రాత్రి రేడియో కట్టి ఒక్కమారు పాడించుకోండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. తెరమీది వీరుణ్ణి వారు ఇదివరకే చూశారు. కళ్ళంలోని వీరుణ్ణి కూడా ఎరుగనివ్వండి.