చేతి రేడియో: ఎన్నిక, వాడుక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కురుక్షేత్ర వార్తలను ధృతరాష్ట్రునకు సంజయుడు వినిపించెనని భారతములో చదివితిమి. ఆ దివ్యదృష్టి నాడు సంజయుడొక్కనికే దక్కినది. నేడు సెల్లులతో నడచు చిన్న పెట్టె మనకందరకు సంజయుడైనది. అయితే సంజయుని మేలుకొలిపి యుంచుకొనుట మన పని.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రిని మీరు మరచియుండరు. మన పొరుగున గగన్‌పహాడులో అప్పచెరువు తెగి, బెంగుళూరు రహదారిపై వరద పారినది, ప్రాణములు పోయినవి. మా యింట కరెంటు లేదు, ఫోను ఆగిపోయినది. బీరువాపై నున్న రేడియోను దింపితిని; అది పలుకలేదు. ఏడాదిగా లోపలనే వదలిన సెల్లులు కారి, రేకులను తినివేసినవి. ఊరి లెక్కలలో పైసా తప్పనీయని నేను ఇంటి లెక్కలో తప్పితిని. తెల్లవారువరకు పుకార్లే మాకు వార్తలైనవి. కనుకనే గ్రంథాలయమునకు రేడియో కొనవలెనన్న మాట రాగానే ఈ నాలుగు మాటలు చెప్పదలచితిని.

మొదట మనకేమి కావలెనో తేల్చుకొనవలెను. పాటలు, స్థానిక వార్తలు మాత్రమే చాలునన్నచో ఎఫ్.ఎం., మీడియం వేవు గల సెట్టు చాలును. దూరదేశముల మాట వినవలెనన్ననే షార్ట్ వేవు. ఈ తరంగములు ఆకాశపు పైపొరలకు తగిలి, తిరిగి భూమికి దిగును. అందుచే సముద్రములు దాటివచ్చును. కాని పూర్వమున్నన్ని కేంద్రములు నేడు లేవు. బి.బి.సి. హిందీవారి షార్ట్ వేవు ప్రసారము 2020 జనవరితో ముగిసినది. ఈ సంగతి తెలిసియే డబ్బు పెట్టవలెను.

ఇక ఎన్నిక. తళుకు చూడకుడు. అంకెలు చూపు సెట్టు అయినచో కేంద్రమును వెదకుట సులభము. అంగట ఎక్కడనైనను దొరకు సెల్లులతో నడవవలెను. కాంక్రీటు కొట్టులో పరీక్షింపక, చీకటి పడిన పిమ్మట ఆరుబయట వినుడు. పక్కపక్కనున్న రెండు కేంద్రములు కలగాపులగము కాకున్నచో అది మంచి సెట్టు.

లెక్క యొకటి గుర్తుంచుకొనుడు: 300ను మెగాహెర్ట్జులతో భాగించిన మీటర్లు వచ్చును. పూర్వము మన హైదరాబాదు కేంద్రము 4800 కిలోహెర్ట్జులపై పలికెడిది, అనగా 4.8 మెగాహెర్ట్జులు, 62.5 మీటర్లు. సాధారణముగా పగలు 19, 25 మీటర్లు, రాత్రి 41, 49 మీటర్లు అనుకూలము. 31 మీటర్లు రెండు వేళల పనికివచ్చును.

సెట్టును కిటికీయొద్ద నుంచుడు. ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు గురగుర పుట్టించును, వాటిని ఆపుడు. ఏరియలునకు నాలుగైదు గజముల రాగితీగ తగిలించిన ధ్వని హెచ్చును. ఉరుములు వినబడగానే దానిని విప్పివేయుడు. వాడనప్పుడు సెల్లులు తీసివేయుడు. వారమున కొకసారి పలికించి, కేంద్రము, వేళ, మీటర్లు పుస్తకములో వ్రాయుడు. ఆ చిట్టా మరునాటి శ్రోతకు దారి చూపును.

చివరిమాట. సంజయుడు చెప్పినదంతయు ధృతరాష్ట్రుడు వినెను. కాని మనసున పట్టించుకొనలేదు. వినుట రేడియో నేర్పును. విచారించుట ఈ గ్రంథాలయము నేర్పవలెను. రెండును ఒక్క కప్పు క్రింద నుండుగాక. సెలవు.