దుప్పటి కొనేటప్పుడు పోగు చూడండి



మాట్లాడేవాడు వ్యవసాయ విస్తరణాధికారి, ఎత్తుకున్న సంగతేమో పక్క మీద పరుచుకునే దుప్పటి. ఇదేమి విడ్డూరమని మీరు అనుకోవచ్చు. విత్తనమో, ఎరువో, పురుగుమందో చెప్పవలసినవాడికి బట్టల దుకాణంతో పనేమిటి? ఆ పని నాకు ఒక అక్కగారు పెట్టింది. కిందటి పత్తి కాలంలో ఒక గ్రామంలో చేనుగట్టు మీద పది ఇరవై మందిమి కూర్చున్నాము. పత్తి ఏ వేళప్పుడు తీయాలి, తేమ ఎంత ఉండాలి, గుల్లాకు ఎట్లా ఏరాలి అని నా ధోరణిలో నేను చెప్పుకుపోతున్నాను. అంతా అయిన తరువాత ఒకామె లేచి, "అయ్యా, మా పత్తికి ఇన్ని వంకలు పెడతారు గదా, ఆ పత్తితోనే నేశామని మాకు అమ్మే దుప్పటికి వంక ఎట్లా పెట్టాలో అదీ చెప్పండి" అన్నది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను.

మా చెల్లెలి పెళ్ళికి సారెలో పెట్టడానికి పట్నంలో నాలుగు దుప్పట్లు కొన్నాను. దుకాణం పేరు మనకు అక్కరలేదు. "ప్యూర్ కాటన్ సార్, ముడత పడదు, రంగు పోదు" అన్నాడు. నిజమే, ముడత పడలేదు, రంగూ పోలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది, రాలేదు. మరుసటి ఏడు చెల్లెలు కాన్పుకు వచ్చి, మే నెలలో ఆ దుప్పటి మీదే పసిబిడ్డను పడుకోబెట్టుకున్నది. బిడ్డ వీపంతా చెమటకాయలు. రాత్రంతా ఏడుపే. చూడ్డానికి వచ్చిన మా వీధి తాత, ఒకప్పుడు మగ్గం నేసినవాడు, దుప్పటి అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. పోగు ముడుచుకుపోయి, కరిగి, నల్లటి పూసలాగా గట్టిపడ్డది. "బాబూ, నువ్వు పత్తి ఆఫీసరువు గదా" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట అనలేదు. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరిచి, ఉక్కపోయకుండా చూస్తే నాలుగు రోజుల్లో బిడ్డ ఒళ్ళు తేటపడింది.

ఇక ఆలోచించండి. మన పత్తిని కొనేవాడు ఏమేమి చేస్తాడు? గుప్పెడు తీసి నలుపుతాడు. తేమ కొలుస్తాడు, 12 శాతం దాటితే వద్దు పొమ్మంటాడు. రెండు చేతుల మధ్య పింజ లాగి పొడవు చూస్తాడు. బన్నీ, బ్రహ్మ వంటి రకాలయితే 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పింజ ఉండాలంటాడు. మరి మనం దుప్పటి కొనేటప్పుడు ఏమి చూస్తాము? రంగు, పువ్వు, వెల. అంతే. వాడు మన పత్తిని చూసినట్టే మనమూ వాడి బట్టను చూడాలి.

ముందు పత్తి అవునా కాదా తేల్చుకోవాలి. ముక్క తీయనివ్వండని అడిగితే ఏ దుకాణదారూ ఒప్పుకోడు గాని, కుట్టు పక్కన వేలాడే వదులు పోగు ఒకటి రెండు ఇవ్వడానికి అభ్యంతరం చెప్పడు. ఆ పోగును బయటికి తీసుకుపోయి, పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని అంటించండి. గడ్డివాము పక్కన చేయకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. నూలు పోగు కాగితంలాగా మండుతుంది, కాలిన కాగితం వాసనే వస్తుంది, వేలితో నలిపితే బూడిద మెత్తగా పొడి అయిపోతుంది. పాలియెస్టర్ అయితే మంట తగలకముందే ముడుచుకుంటుంది, నల్లని పొగ విడిచి కరుగుతుంది, చల్లారితే గట్టి పూస మిగులుతుంది. రెండూ కలిసిన బట్ట కాగితంలాగానే అంటుకుంటుంది గాని బూడిదలో చిన్న చిన్న గట్టి గింజలు చేతికి తగులుతాయి. పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి విడివిడిగా కాల్చి చూడండి. ఒకటి నూలు, ఒకటి పాలియెస్టర్ వేసి నేసేవారూ ఉన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రేయాన్, విస్కోస్ అనేవి కర్రగుజ్జుతో చేసిన పోగులు. అవి కూడా కాగితంలాగానే మండుతాయి. అందుచేత ఇంకొక పోగు తీసుకుని నడుమ ఉమ్మితో తడిపి, రెండు కొనలూ పట్టి లాగండి. నూలు పోగు తడిసిన చోట బలం పుంజుకుంటుంది గనుక పొడిగా ఉన్న చోట తెగుతుంది. రేయాన్ తడిసిన చోటనే తెగుతుంది. కూలిమనిషికైనా వచ్చే పరీక్ష ఇది, ఏ యంత్రమూ అక్కరలేదు.

పేర్లను నమ్మవద్దు. "గ్లేస్ కాటన్" అని అమ్మేది తరచు పాలియెస్టరే. పేరులో కాటన్ ఉన్నంత మాత్రాన పోగులో పత్తి ఉండదు. బిల్లు మీద "100 శాతం కాటన్" అని రాసి ఇమ్మనండి. రాయడానికి వెనకాడితే మీకు సమాధానం దొరికినట్టే. అట్లాగని పాలియెస్టర్ పనికిమాలినదని నేననను. అది త్వరగా ఆరుతుంది, ఎక్కువకాలం చిరగదు, హాస్టలులో చదువుకునే పిల్లవాడికి వానాకాలంలో సులువు. కాని చెమట పీల్చదు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. బాలింతలకు, పసిబిడ్డలకు, మంచం పట్టిన ముసలివారికి మాత్రం నూలే పరచండి. నూలు వెల ఇచ్చి పాలియెస్టర్ తెచ్చుకోవడమే మోసపోవడం.

సరే, పత్తేనని తేలింది. ఆ పత్తిలో మంచిదేది? ఇక్కడ మీకు తెలిసిన సంగతే పనికివస్తుంది. పింజ పొడుగ్గా ఉంటే నూలు సన్నగా, నున్నగా, బలంగా వస్తుంది. పింజ పొట్టిదయితే కొనలు బయటికి పొడుచుకు వస్తాయి, నాలుగు ఉతుకులకు దుప్పటి మీద ఉండలు కడతాయి. కాయ సరిగా ముదరకుండా తీసిన పత్తి పింజ బలహీనంగా ఉంటుంది, రంగు పట్టదు. ముదురు రంగు దుప్పటిలో అక్కడక్కడ తెల్లని చుక్కలు కనిపిస్తాయే, అవి చాలావరకు అట్లాంటి పింజ ముద్దకట్టిన ఉండలే. ఇంకొక గీత ఉంటుంది, నీలమో పసుపో, సన్నగా, రంగు ఎక్కని పోగు. అది మన యూరియా సంచి పోగు! ప్లాస్టిక్ సంచుల్లో పత్తి తొక్కి నింపుతాము, సంచి పీచు పత్తిలో కలుస్తుంది, మిల్లులో అది చీలికలై నూలులో దూరుతుంది. గుడ్డ సంచిలోకి తీయండని మేము ఎందుకు మొత్తుకుంటామో దుప్పటి పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

నూలు సన్నదనాన్ని నంబరుతో చెబుతారు. 840 గజాల చిలపలు ఎన్నయితే ఒక పౌను తూగుతాయో అది ఆ నూలు నంబరు. 40 నంబరు అంటే పౌనుకు 40 చిలపలు, అనగా 33,600 గజాల పొడవు. 20 నంబరు నూలు అంతే పొడవుకు దానికి రెట్టింపు తూగుతుంది. నంబరు పెరిగినకొద్దీ సన్నదనం. అందరికీ సన్న నూలే మంచిదనుకోవడం పొరపాటు. నులకమంచం మీద నేరుగా పరిచేవారికి 20 నంబరు ముతక దుప్పటి నాలుగు కాలాలపాటు ఉంటుంది, సన్నది నులక ఒరిపిడికి ఏడాది తిరక్కుండా చిల్లులు పడుతుంది. పరుపు ఉన్న ఇంటికి 40 నంబరు హాయి.

మెరుపు కోసం సాటిన్ నేత దుప్పట్లు వస్తున్నాయి. వాటిలో పోగు నాలుగైదు పోగుల మీదుగా దూకి పోతుంది గనుక నున్నగా ఉంటుంది. ఆడవారి మట్టెలకు, మన పగిలిన మడమలకు ఆ దూకిన పోగులే తగులుకుని లేస్తాయి. పొలం పని చేసే ఇంటికి ఒకటి మీద ఒకటి కింద పోయే సాదా నేతే మేలని నా అభిప్రాయం.

డబ్బా మీద పెద్ద అంకె ఒకటి వేస్తారు, 144 అనో, 210 అనో, 1000 అనో. అది చదరపు అంగుళంలో పడుగు పోగులూ పేక పోగులూ కలిపిన లెక్క. పడుగు 50, పేక 46 అయితే 96 అన్నమాట. అంకె పెద్దదయితే నేత దట్టమన్నది ఒక హద్దు వరకే నిజం. అంగుళం స్థలంలో ఎన్ని పోగులు పడతాయి చెప్పండి? చేనులో మొక్కలకు ఎడం ఉన్నట్టే పోగుకూ చోటు కావాలి. వెయ్యి ఎట్లా వస్తుందంటే, నాలుగు సన్న పోగులు పురిపెట్టి ఒక పోగు చేస్తారు, లెక్కలో మాత్రం నాలుగుగా వేస్తారు. 250 కాస్తా 1000 అవుతుంది. అనుమానమయితే దర్జీ టేపు పక్కన పెట్టి, సెల్‌ఫోను కెమెరాలో పెద్దది చేసి, పావు అంగుళంలో పోగులు ఎంచి నాలుగుతో హెచ్చవేయండి. లేదా దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టండి. వెలుగు అన్ని చోట్లా ఒక్కతీరుగా రావాలి. చారలు చారలుగా, కిటికీలు కిటికీలుగా వస్తే నేత వదులు. గోటితో పోగులను పక్కకు నెట్టండి, జరిగి అక్కడే ఉండిపోతే అది కుట్టు దగ్గర చీలే బట్ట.

గంజి సంగతి మరవకూడదు. పలచని బట్టకు గంజి దట్టించి బరువు చూపించడం పాత విద్య. రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపితే తెల్లని పొడి రాలుతుంది, నలిపిన చోట బట్ట డీలాపడి పలచగా కనిపిస్తుంది. తూకమూ వేయవచ్చు. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు ఉన్న దుప్పటి, చదరపు మీటరుకు 130 గ్రాముల బట్ట అయితే, ముప్పాతిక కిలో తూగుతుంది. అరకిలోకు దిగితే అది దోమతెరకు తమ్ముడు.

ఆ ముప్పాతిక కిలో లెక్క ఇంకొంచెం సాగదీస్తాను, మన్నించండి. క్వింటాలు పత్తికి గింజ తీస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. వడకడంలో పోయేది కూడా కలుపుకుంటే ఒక దుప్పటికి తొమ్మిది వందల గ్రాముల దాకా దూది కావాలి. అంటే సుమారు రెండున్నర కిలోల పైచిలుకు పత్తి. మీరు అమ్మిన ధరతో లెక్క వేసుకోండి. దుప్పటి వెలలో మీ పత్తి పాలెంతో, మిగిలినది ఎవరి పాలో తెలుస్తుంది. అంత వెల పెట్టేటప్పుడు అయిదు నిమిషాలు చూసి కొనడం తప్పుకాదు.

రంగుకు తడి జేబురుమాలు చాలు. ముదురు రంగు ఉన్న చోట పదిసార్లు రుద్దండి. కొంచెం అంటినా మొదటి ఉతుకులో పక్కబట్టలన్నీ పాడవుతాయి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్ళలో ఒక నమ్మకం. కాని రంగు ఉప్పుతో మంచి రంగు కాదు. నూలు బట్ట మొదటి ఉతుకులకు కుంగుతుంది కూడా. నూటికి అయిదు కుంగితే 90, 100 అంగుళాలు 85న్నర, 95 అవుతాయి. 72 అంగుళాల మంచం, 5 అంగుళాల పరుపు ఉంటే రెండు పక్కలా కలిపి 82 కావాలి. అప్పుడు లోపలికి దోపడానికి మిగిలేది ఇటు ఒకటి ముప్పాతిక, అటు ఒకటి ముప్పాతిక అంగుళం. కనుక అంత వెడల్పు పరుపు ఉన్నవారు 108 అంగుళాలది అడగండి.

చేనేత కావాలనుకునేవారు 2006లో వచ్చిన చేనేత గుర్తు ఉన్నదేమో చూడండి. అంచు పొడవునా అక్కడక్కడ సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. బట్ట వెడల్పు కుంగకుండా నేతగాడు పెట్టే బద్ద ముళ్ళ గుర్తులవి, తప్పుగా ఎంచకండి. కొన్ని రకాల పక్కదుప్పట్లను 1985 నాటి చట్టం చేమగ్గానికే కేటాయించింది. పెడన అచ్చుల దుప్పటి అన్నా, పోచంపల్లి, పుట్టపాకల చిటికీ దుప్పటి అన్నా, పువ్వు ఒకచోట తప్పిందని బేరమాడకండి. చేతిపని ఒకచోట అటూ ఇటూ కావడం సహజమే. షోలాపూరు చద్దరు కప్పుకునే దుప్పటి, దాని లెక్క వేరు. ఆ ఊరి మగ్గాల మీద తరాలుగా మన తెలుగు నేతగాళ్ళు ఉన్నారన్నది మాత్రం చెప్పకుండా ఉండలేను.

నేను కొన్న ఆ నాలుగు దుప్పట్లలో రెండు ఇప్పటికీ చిరగలేదు. చెల్లెలు వాటిని మేడ మీద వడియాలు పెట్టడానికి వాడుతున్నది. వచ్చే వారం పత్తి చేలో పొలంబడికి వచ్చేవారు మీ ఇంటి దుప్పట్ల వదులు పోగులు రెండేసి కాగితంలో చుట్టి తీసుకురండి. అగ్గిపెట్టె, పట్టకారు, నీళ్ళ పళ్ళెం నేను తెస్తాను.