దెబ్బలు లేని హింస

(మహిళా ఉద్యోగుల సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



వేతనములు, బోనసు, ఖాళీల భర్తీ గురించి మనము గంటల తరబడి చర్చింతుము. ఆ వేతనము ఇంటి గడప దాటిన పిమ్మట ఎవరి చేతిలో ఉండుననునది మాత్రము మన అజెండాకు ఎక్కదు. అది కుటుంబ విషయమని తప్పుకొనుట మనకు అలవాటు.

హింస అనగానే కమిలిన చెంప, విరిగిన చెయ్యి గుర్తుకు వచ్చును. కాని ఒక్క దెబ్బయైనను పడకుండ ఒక మనిషిని ఏండ్ల తరబడి బందీగా ఉంచవచ్చును. ఇంగ్లండు, వేల్సులలో 2015 నాటి చట్టము ఇట్టి నిర్బంధపు పెత్తనమును ప్రత్యేక నేరముగా గుర్తించి, 5 సంవత్సరముల వరకు జైలుశిక్ష నిర్ణయించినది. మన దేశమున ఆ పేరుతో నేరము లేదు. అయినను 2005 నాటి గృహహింస నుండి మహిళల రక్షణ చట్టము శారీరక హింసతో పాటు లైంగిక, మానసిక, ఆర్థిక హింసలను, మాటలతో చేయు హింసను కూడ గృహహింసగనే నిర్వచించినది. అది 2006 అక్టోబరు 26 నుండి అమలులో కలదు.

దీనిని గుర్తించుట ఎట్లు? మన కార్యాలయములలోనే చూడండి. ఆమెకు పదిహేనేండ్ల సర్వీసు కలదు. ఏటీఎం కార్డు మాత్రము భర్త జేబులో ఉండును. జీతము పడిన సందేశము అతని ఫోనుకే పోవును. బస్సు చార్జీకి రోజూ చేయి చాచవలెను, సాయంత్రము లెక్క చెప్పవలెను. రిలీవరు రాక అరగంట ఆలస్యమైనచో ఆమె ముఖము వాడిపోవును. డ్యూటీలోనే ఉన్నట్లు వీడియో కాలులో చూపవలెను. ప్రమోషను వచ్చిన వదులుకొనును. పుట్టింటితో మాటలు తగ్గును, తోటివారితో టీకి రాదు, సంఘ సమావేశమునకు అసలే రాదు. ఆమెకు చైతన్యము లేదని మనము తీర్పు కూడ చెప్పుదుము!

వీటిలో ఏ ఒక్కటియు విడిగా చూచిన స్వల్పమే. ఇద్దరి జీతములు ఇష్టపూర్వకముగా కలుపుకొని గడుపుకొను దంపతులు ఎందరో కలరు. అది పెత్తనము కాదు. ఆమె కాదన్నచో ఏమగును అనునదే అడుగవలసిన ప్రశ్న. వారము రోజుల మౌనము, పిల్లలను దూరము చేసెదనను బెదిరింపు, ఉరి వేసుకొందునను బెదిరింపు, ఆఫీసు గేటు వద్ద అల్లరి. వీటికి జంకి ఆమె కాదనుటయే మానివేసినచో, ఆ ఇల్లు బందిఖానాయే. పరువు, ప్రేమ అను పేర్లతో నడచును గనుక చాల కాలము ఆమెకే తెలియదు.

ఇక కష్టమైన మాట. ఆ భర్త కూడ మన సభ్యుడే కావచ్చును. చెల్లింపుమన్న సొమ్ము అతడు చెల్లింపనిచో, 20వ సెక్షను క్రింద అతని వేతనములో కొంత నేరుగా ఆమెకు ఇమ్మని మేజిస్ట్రేటు యజమానిని ఆదేశింపవచ్చును. అట్టి ఉత్తర్వు డివిజను కార్యాలయమునకు వచ్చినపుడు, మనవాడు గదా అని మన నాయకులెవరును ఆ ఫైలు వెంట తిరుగరాదు. ఇల్లు ఎవరి పేర ఉన్నను, కలసి కాపురమున్న ఇంట నివసించు హక్కు 17వ సెక్షను ఆమెకు ఇచ్చినది. ఆమె పనిచేయు చోటికి అతడు రాకుండ నిషేధించుటకును వీలున్నది. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వము మరియొక సదుపాయము కల్పించినది: విడాకుల కేసు గాని ఈ చట్టము క్రింద కేసు గాని నడచుచున్న ఉద్యోగిని, తన తదనంతరము కుటుంబ పింఛను భర్త కంటె ముందు అర్హులైన పిల్లలకు చెందునట్లు కోరవచ్చును. ఈ ఉత్తర్వు మన నోటీసు బోర్డులలో ఎన్నింటికి ఎక్కినది?

ఎవరైన సోదరి హఠాత్తుగా రాజీనామా పత్రము తెచ్చినచో, ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగండి. భర్తను పిలిపించి పంచాయితీ చేయకండి. ఆ పంచాయితీకి మూల్యము రాత్రి ఇంటిలో ఆమెయే చెల్లించును. ఫోనుకు సందేశములు పంపకండి. చదువువాడు వేరొకడు కావచ్చును. విడిచి రమ్మని తొందరపెట్టకండి. విడిచిపోవు సమయమే మిక్కిలి ప్రమాదకరమైనది. కార్యాలయపు ఫోను చూపి, మహిళల సహాయపు నంబరు 181 అని, జిల్లాలో రక్షణాధికారి కలరని చెప్పండి. ఆమె ఒక్కతే పేర పొదుపు ఖాతా మన తపాలా కౌంటరులోనే తెరువవచ్చును. ఆ పాస్‌బుక్కు ఎక్కడ దాచవలెనో, ఎప్పుడు బయటికి తీయవలెనో ఆమెయే నిర్ణయించుకొనును.