ఆటకు తీరిక ఎక్కడిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇంజినీరు కదా, ప్రాజెక్టుల గురించి చెప్తాడనుకుని ఉంటారు. నేను ఆటల గురించి మాట్లాడతాను. క్రికెట్ కాదు, కూర్చుని ఆడేవి.

మన జైనూర్‌లో బండమీద బొగ్గుతో గీసి మూడు పులులు, పదిహేను మేకలతో ఆడినవాళ్లమే మనం. నిర్మల్ నకాషీలు ఒకప్పుడు గంజీఫా పత్తాలకు రంగులు వేసేవారు. మొఘల్ గంజీఫాలో 96 పత్తాలు, దశావతార గంజీఫాలో 120.

అయినా పత్తాలనగానే ఇంట్లో ముఖాలు మారతాయి. కారణం పైసలు. పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. పందెం కాస్తే అదీ జూదమేనని 2017లో మన రాష్ట్రం చట్టం మార్చింది. ఆడవాళ్ల తీర్పు ఈ రెండింటికన్నా పాతది! మా ఆటలో రూపాయి ఉండదు.

మా బ్యాచ్‌లో ఒకడు పోయిన సంగతి మాకు పదో రోజున తెలిసింది. జబ్బు సంగతే ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో అతని శుభోదయాలు చివరి వారం దాకా వచ్చాయి. ఆ తర్వాతే నెలకో ఆదివారం, నాలుగు నుంచి ఆరు దాకా కూర్చోవడం మొదలుపెట్టాం. ఎవరు రాకపోయినా ఆట ఆగదు. నలుగురుంటే పత్తాలు, ఇద్దరే ఉంటే పులి-మేక.

ఈ మధ్య మా అబ్బాయి ఇంకోటి నేర్పాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బాపతు ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో పాత్ర వేస్తారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. పిల్లలు ఒకే కథను నెలల తరబడి ఆడతారు. మాకది కుదరదు. ఒకరికి మనవరాలి పుట్టినరోజు, ఇంకొకరికి ఆడిట్. అందుకని రెండు గంటల్లో ముగిసే కథే పెట్టుకుంటాం. రాక్షసుల గుహలెందుకు, కెరమెరి ఘాట్‌లో చీకటివేళ బస్సు ఆగిపోయింది, ఏం చేస్తారు?

కండక్టర్ పాత్ర వేసిన మిత్రుడు "నేను దిగను, నాలుగడుగులు ఎక్కితే ఆయాసమొస్తోంది" అన్నాడు. కండక్టర్‌కా, నీకా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడతను మూడో వరుసలో కూర్చుని, తన పేరు చెప్తానేమోనని నావైపు గుర్రుగా చూస్తున్నాడు. చెప్పను.

భోజనాలయ్యాక పదో తరగతి గదిలో రెండు కట్టల పత్తాలు, పాచికలు పెడుతున్నాం. సార్లు కూడా రావాలి. బెత్తం మాత్రం బయటే.