"మ్యాపింగ్ 8" అంటే పక్కకి జరుగు అనా?

ఇవాళ్టి ఎపిసోడ్ జీడిమెట్లలో మా దోస్త్ షెడ్ నుంచే. వెనకాల పక్క కంపెనీ మెషిన్ల సౌండ్ వస్తుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

క్రికెట్‌లో అవతలి ఎండ్ నుంచి "వద్దు, వద్దు" అంటే వినిపిస్తుంది. మూడొందల స్పీడ్‌లో బైక్ మీదున్నోడికి ఎవరి అరుపు వినిపిస్తుంది? పిట్ వాల్ దగ్గర ఒక బోర్డు, డ్యాష్ మీద రెండు మూడు మాటల మెసేజ్. అంతే.

2017 అక్టోబర్ 29, మలేసియాలో సెపాంగ్ రేస్. డుకాటీ టీమ్‌లో ఇద్దరు: ఇటలీ దోవిజియోసో, స్పెయిన్ లోరెంజో. మార్కెజ్‌తో టైటిల్ ఫైట్‌లో ఉన్నది దోవి, ముందు పోతున్నది లోరెంజో. లోరెంజో డ్యాష్ మీద మెసేజ్ వచ్చింది: "సజెస్టెడ్ మ్యాపింగ్ 8". మ్యాపింగ్ అంటే ఇంజిన్ సెట్టింగే. కానీ చూసేవాళ్లకి అది "నీ వెనకోడికి దారి ఇవ్వు" అన్నట్టే వినిపించింది. కాసేపటికి లోరెంజో ఒక మలుపులో వైడ్ పోయి, పడబోయి ఆపుకున్నాడు. దోవి దాటేసి గెలిచాడు. కావాలని ఇచ్చాడా, జారాడా? ఇప్పటికీ గొడవే.

రెండు వారాలకి వాలెన్సియా, ఆఖరి రేస్. మళ్లీ అదే మెసేజ్. బోర్డు కూడా చూపించారు. లోరెంజో జరగలేదు. ముందుండి దోవిని లాక్కెళ్తున్నా అనుకున్నాడట! చివరికి ఇద్దరూ పడిపోయారు, టైటిల్ మార్కెజ్‌కి. నిజం చెప్పాలంటే మార్కెజ్ అప్పటికే 21 పాయింట్లు ముందు, దోవి గెలిచినా లెక్క కష్టమే. నా కంప్లయింట్ లోరెంజో మీద కాదు, ఆ మెసేజ్ మీద. "జరుగు" అనాల్సిన చోట మ్యాపింగ్ ఏంటి?

మనోళ్ల సంగతికొస్తే, హైదరాబాద్ కుర్రాళ్లు ట్రాక్ కోసం చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై పోతుంటారు. నా ఫస్ట్ ట్రాక్ డేలో మెకానిక్ తమిళాయన. నేను వచ్చిరాని తమిళంలో, చేతులూపుతూ, "బండి జారుతోంది" అన్నా. ఆయన వెనక సస్పెన్షన్ మార్చాడు. జారుతున్నది ముందు టైరు! నెక్స్ట్ సెషన్‌లో రెండో మలుపు దగ్గర ఇసుకలో తేలా. కాలర్ బోన్, ఆరు వారాలు.

తప్పు ఆయనది కాదు, "జారుతోంది" అన్న నా మాటదే. బ్రేక్ మీద ముందు జారడం వేరు, గ్యాస్ ఇచ్చినప్పుడు వెనక జారడం వేరు. ఇప్పుడు నేనూ మా దోస్తూ ముందు టైరా వెనక టైరా, ఏ మలుపు, బ్రేకా గ్యాసా, ఈ మూడూ చెప్పాకే మిగతా కథ.

ఆ మెకానిక్ అన్న కూడా మర్చిపోలేదు. ఫోన్ చేస్తే హలో కంటే ముందు అడిగేది, "మున్నాడియా? పిన్నాడియా?"