కళాశాలలో కంప్యూటరు విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



మార్కాపురము పేరు వినగానే తెలుగువారిలో పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది పలక. ఈ సీమ భూమిలో దొరకు రాతిని పొరలుగా చీల్చి, నునుపు చేసి, చట్రము బిగించి ఎన్నియో ఊళ్లకు పంపిరి. ఎందరి ఓనమాలో ఆ రాతిమీదనే సాగినవి. నోటు పుస్తకములును, ప్లాస్టిక్కు పలకలును వచ్చిన పిమ్మట ఆ పరిశ్రమ సన్నగిల్లినది. ఇప్పుడు ఇంటింట వేరొక పలక వెలసినది. అది వెలుగునిచ్చు పలక. దానిని చూచువారు అనేకులు. దాని లోపల ఏమి జరుగుచున్నదో ఎరిగినవారు కొందరే. ఆ ఎరుకను మన పిల్లలు ఎచ్చట, ఏ విధముగా సంపాదింపవలెనను విషయమును కొంత విచారింతము.

గిద్దలూరు, కంభము, మార్కాపురము, యఱ్ఱగొండపాలెము ప్రాంతములలో ఇంటర్మీడియెట్టు ఫలితములు వచ్చిన వారమంతయు వినబడు మాట ఒక్కటే: ఇంజనీరింగు. బోరు ఎండిన యేడు సైతము అప్పు తెచ్చియైనను పిల్లవానిని పంపుదురు. పంపుట తప్పని ఎవ్వరును అనరాదు. ఆ చదువుతో హైదరాబాదు, బెంగుళూరు నగరములలో నిలద్రొక్కుకొన్న కుటుంబము లెన్నియో కలవు. అయితే శక్తి చాలక, లేదా ఆడపిల్లను దూరము పంపలేక, సమీపమున నున్న డిగ్రీ కళాశాలలో కంప్యూటరు శాస్త్రము చదివించు తల్లిదండ్రులు ఆ మాట చెప్పవలసి వచ్చినపుడు గొంతు తగ్గింతురు. అట్లు తగ్గింపవలసిన పని యున్నదా?

కళాశాల యనగా కళల శాల. పాశ్చాత్య దేశములలో పూర్వము స్వతంత్రుడైన మనుష్యుడు నేర్వదగిన విద్యలని ఏడింటిని చెప్పిరి. వ్యాకరణము, తర్కము, వక్తృత్వము, అంకగణితము, క్షేత్రగణితము, సంగీతము, ఖగోళము. నేడు లిబరల్ ఆర్ట్స్ కళాశాల లనబడునవి ఈ వంశమునకు చెందినవే. ఈ యేడింటిలో గణితమును సంగీతమును, తర్కమును వ్యాకరణమును ఒకే పంక్తిని కూర్చుండుట గమనింపుడు. వానిని విడదీసి, లెక్కలు తెలివిగలవానికి, సాహిత్యము మిగిలినవానికి అని పంచిపెట్టినది ఇటీవలి కాలపు అలవాటు.

అమెరికా దేశస్థుడు క్లాడ్ షానన్ ఇందుకు మంచి దృష్టాంతము. అతడు మిషిగన్ విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగును గణితమును చదువుచు, తత్త్వశాస్త్ర తరగతిలో జార్జి బూల్ తర్కమును నేర్చెను. బూల్ తన గ్రంథమును ప్రకటించినది 1854లో. సత్యము, అసత్యము అను రెండింటితో తర్కమును బీజగణితముగా మార్చిన గ్రంథమది. దానికిని విద్యుత్తునకును ఏమి సంబంధమని అప్పటివా రెవ్వరైన నవ్వియుందురు. 1937లో షానన్ తన పరిశోధన వ్యాసమున విద్యుత్ మీటలు తెరచుట, మూయుట అను రెండు స్థితులకును ఆ తర్కమే వర్తించునని చూపెను. నేటి కంప్యూటరు వలయములన్నియు ఆ పునాదిమీద లేచినవి. తత్త్వశాస్త్రపు తరగతి దండుగయని ఆ యువకునికి హితవు చెప్పినవారు లేకపోవుట లోకమునకు మేలైనది!

అంత దూర మేల? ఛందస్సు నెరిగిన వారికి గురువు, లఘువు అను రెండే గుర్తులు. మూడక్షరముల గణములు ఎనిమిది. ఎందుకు ఎనిమిదియే యనగా, రెండును మూడు మార్లు హెచ్చించిన ఎనిమిది గనుక. పూర్వులు వీనిని ప్రస్తార క్రమమున నిలిపిరి. ఆ క్రమములో ఒక గణము ఎన్నవదో తెలిసికొనుటకు ఉద్దిష్టమను ఉపాయము కలదు. మొదటి యక్షరము క్రింద 1, రెండవదాని క్రింద 2, మూడవదాని క్రింద 4, ఈ రీతిగా రెట్టించుచు వ్రాయవలెను. లఘువు లున్న చోట్ల అంకెలను మాత్రమే కూడి, వచ్చిన మొత్తమునకు ఒకటి చేర్చవలెను. భగణము గురువు, లఘువు, లఘువు గదా. 2, 4 కూడగా 6, ఒకటి చేర్చగా 7. భగణము ఏడవది. ఇరువది యక్షరముల పాదమునకు 10,48,576 విధములైన వృత్తములు సాధ్యము. అందు ఉత్పలమాల 3,55,799వది. ఓపిక యున్నవారు భ, ర, న, భ, భ, ర, ల, గ అని వ్రాసికొని పలకమీదనే కూడి చూచుకొనవచ్చును.

ఈ లెక్కయే కంప్యూటరు లెక్క. గురువునకు సున్న, లఘువునకు ఒకటి వేసికొన్నచో చాలును. మన ఛందస్సున విలువలు ఎడమనుండి కుడికి పెరుగును, యంత్రపు లెక్కలో కుడినుండి ఎడమకు పెరుగును. భేద మంతమాత్రమే. ఇట్లనుటచే పూర్వులు కంప్యూటరును కనిపెట్టిరని భావింపరాదు. అట్టి గొప్పలు చెప్పుకొనుట వలన పిల్లలకు ఒక్క యక్షరము అబ్బదు. పద్యము చదివిన బాలునికి ఈ శాస్త్రపు గుమ్మము పరాయిది కాదని మాత్రము గ్రహించిన చాలును. పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెలుగు పద్యములలోనికి దింపినాడు. ఆయనను కవి యందురా, గణకు డందురా?

విద్యలను తిరిగి కలుపు ప్రయత్నములు మన తెలుగు నేలపై లేకపోలేదు. శ్రీసిటీలో 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయము లిబరల్ ఆర్ట్స్ పద్ధతి నవలంబించి, కంప్యూటరు శాస్త్రమును సాహిత్యము, చరిత్ర, అర్థశాస్త్రముల సరసన బోధించుచున్నది. 1998లో స్థాపితమైన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషాశాస్త్రమును కంప్యూటరు శాస్త్రమును జంటగా చదువు కోర్సు కలదు. చిత్తూరు సీమలోని కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు మనుష్యుని మాటను యంత్రము గ్రహించు విద్యలో జీవితమంతయు కృషిచేసి, 1994లో ఫైగెన్‌బామ్‌గారితో కలిసి ట్యూరింగ్ పురస్కార మందిరి. కంప్యూటరు శాస్త్రమున దానిని మించిన పురస్కారము లేదు. ఆ కృషికి ముడిసరుకు మాట, అనగా భాష.

ప్రైవేటు విశ్వవిద్యాలయముల రుసుములు మన మెట్టరైతు భరించునవి కావు. అయినను నిరాశ చెందనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2023-24 నుండి ఒక ప్రధాన విషయమును, దానికి తోడుగా వేరొక ఉపవిషయమును చదువు విధానము వచ్చినది. దీనిని చాలమంది ఒక నింపవలసిన గడిగా భావించి, స్నేహితు డేది వ్రాసిన అదియే వ్రాయుచున్నారు. కంప్యూటరు శాస్త్రము ప్రధానముగా గల విద్యార్థి ఆ గడియందు కళాశాలలో లభించుదానిని బట్టి తెలుగో, అర్థశాస్త్రమో, గణాంకశాస్త్రమో తెలివితో ఎన్నుకొన్నచో లిబరల్ ఆర్ట్స్ చదువు ఇంటి ముంగిటికే వచ్చినట్లు.

దీని ప్రయోజన మేమని గ్రామస్థులు అడుగుట సహజము. భూమి లెక్కలు చూచినవారికి సమాధానము వెంటనే తోచును. వెంకటసుబ్బయ్య అని కలిపి వ్రాసినను, వెంకట సుబ్బయ్య అని విడదీసి వ్రాసినను ఊరివారికి మనిషి ఒక్కడే. యంత్రమునకు ఖాళీ స్థలము కూడ ఒక అక్షరమే. కావున దానికి వీరిద్దరు! పాసుపుస్తకమున ఒక తీరు, ఆధారులో ఒక తీరు, బ్యాంకులో ఇంకొక తీరు పేరుండి, ఆ ముగ్గురును తానేయని రుజువు చేసికొనుటకు రైతు దినములు పోగొట్టుకొనును. ఇంటిపేరు ముందుంచు మన యాచార మెరుగనివాడు తయారుచేసిన పత్రమున ఇంటిపేరే మనిషి పేరగును. యంత్రము తప్పు చేయలేదు. దానికి ఆజ్ఞలు వ్రాసినవానికి ఊరు తెలియదు. యంత్రముల కొరకు ఏర్పడిన యూనికోడ్ పద్ధతిలో “శ్రీ” యను నొక్క యక్షరము నాలుగు సంకేతములు: శకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. ఛందస్సు చదివినవానికి అది ఒక్క గురువు. ఈ రెండు లెక్కలను ఎరిగినవాడే తెలుగు పేరును యంత్రమునకు సరిగా నేర్పగలడు.

ఒక మాట దాచరాదు. ఉద్యోగముల విషయమున ఇంజనీరింగు పట్టమునకు గల గిరాకి బి.ఎస్సీ. పట్టమునకు లేదు, కొన్ని సంస్థలు రెండవదానిని చూడనే చూడవు. బి.ఎస్సీ. వారిని తీసికొను పెద్ద సంస్థలును కలవు. ఐసెట్ పరీక్ష వ్రాసి రెండేండ్ల ఎం.సి.ఏ.లో చేరు మార్గమును కలదు. కళాశాలలో పాఠము విని, యంత్రముపై స్వయముగా అభ్యాసము చేయక మూడేండ్లు గడపినవానికి ఏ ఉపవిషయమును తోడ్పడదు. ఆ మాట ఇంజనీరింగు చదువువానికిని చెల్లును.

ఇక నీ గ్రంథాలయము చేయదగినది యేమన, పోటీ పరీక్షల పుస్తకముల బీరువా ప్రక్కనే ఛందస్సు, వ్యాకరణము, తర్కము గల బీరువాను కూడ తాళము తీసి యుంచుట. సాయంకాలమున కంప్యూటరు చదువు పిల్లలును, పద్యము చదువు పెద్దలును ఒకే బల్ల వద్ద కూర్చుండుటకు దీపము, రెండు పలకలు చాలును. మొదటి నాటికి ఒక లెక్క: ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా చేసిన చంపకమాల యగును. ఉత్పలమాల సంఖ్యలో ఒకటి తీసివేసి, రెట్టించి, మూడు కలిపి, మరల ఒకటి చేర్చినచో 7,11,600 వచ్చును. అదియే చంపకమాల సంఖ్య. మూడే ఎందుకు కలుపవలసి వచ్చినదో పిల్లలు పెద్దలకు చెప్పవలెను.