పులి దారి, పోడు చెలక

(చందానగర్ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడికి దగ్గరలోనే కంచ గచ్చిబౌలి ఉంది. అక్కడి చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. ఆ 400 ఎకరాల గురించి నగరమంతా మాట్లాడింది. మేమూ సంతోషించాం. రెండు నెలలు తిరక్కుండానే, మే 30న జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,493 చదరపు కిలోమీటర్ల అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు చేశారు. దీని గురించి ఇక్కడ ఎంతమంది విన్నారు?

జీవో ఉద్దేశం తప్పని మేం అనం. మహారాష్ట్రలోని తాడోబాలో పెరిగిన మగపులి రెండేళ్లు దాటితే తల్లిని వదిలి సొంత జాగా వెతుక్కుంటది. ప్రాణహిత దాటి మన వైపు వస్తది. కవ్వాల్ దాకా అడవి తెగకుండా ఉంటే అడవిలోనే పోతది. తెగితే పత్తి చేన్లకు వస్తది. 2020 నవంబరులో పెంచికల్‌పేట మండలంలో, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేన్లలో పనిచేస్తున్న ఆడబిడ్డలు పులి దాడిలో చనిపోయారు. అదే 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చచ్చిపోయాయి. విషప్రయోగమని కేసు అయింది. కాబట్టి అడవి కలవడం పులికెంత అవసరమో రైతుకూ అంతే.

మరి అడవిని తెంపింది ఎవరు? కాజీపేట-బల్లార్షా రైల్వే లైను, మంచిర్యాల-చంద్రాపూర్ నాలుగు వరుసల రోడ్డు, బొగ్గు గనులు. వాటికి అనుమతులు దొరికాయి. దారి కలపాలన్నప్పుడు మాత్రం పోడు రైతు గుర్తొస్తాడు. 2023లో పట్టా చేతికిచ్చి, 2025లో రిజర్వు అంటే ఎవరు నమ్ముతారు? ఆదివాసీలు బందు పెట్టాక జూలైలో జీవోను పక్కన పెట్టారు. రద్దు చేయలేదు, గమనించండి.

వన్యప్రాణి చట్టం 36ఎ సెక్షన్ ప్రకారం స్థానికులతో సంప్రదించిన తర్వాతే ఇలాంటి రిజర్వు ప్రకటించాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. కొత్తగా ఏమీ అడగడం లేదు, ఉన్న చట్టం ప్రకారమే నడవమంటున్నాం. రోడ్డు కింద, పట్టాల కింద జంతువులు దాటే దారులు ముందు కట్టండి. పులి చంపిన ఎద్దుకు వారంలోగా పరిహారం ఇవ్వండి. అప్పుడు కళేబరానికి విషం పూసే చేయి ఆగుతది.

మనవాళ్లకూ ఒక మాట. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టకండి. దానికి పులికంటే ముందు పక్క చేను రైతే బలవుతున్నాడు.

జీవో మళ్లీ తెరిచేలోపు ప్రతి గ్రామసభలో చర్చించి, ఏ దారి ఒప్పుకుంటారో, ఏ చెలక వదలరో తీర్మానం రాయించండి. నకలు సంఘానికి పంపండి.